నన్ను చూస్తేనే ఏడ్చే పాప
నేను ఒక ఆఫీసు క్రెష్‌లో, అంటే ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోట, పని చేస్తాను. ఆ పాప చేరేటప్పటికి ఎనిమిదో నెల. వాళ్లమ్మ 26 వారాల ప్రసూతి సెలవుతో పాటు ఉన్న సెలవులన్నీ వాడేసి వచ్చింది. కొత్త ముఖమంటే పిల్లలకి భయం పట్టుకునే వయసే అది. నన్ను చూస్తే చాలు, గుక్కపట్టేది.

ఏడుపు ఆపాలన్న టెన్షన్‌లో మొదటి పూటే నలుగురం మార్చి మార్చి ఎత్తుకున్నాం. పాపం, ఎవరినని నమ్ముతుంది?

మూడో రోజు నుంచి పాలు, డైపర్, నిద్ర అన్నీ నేనే చూస్తానన్నాను. వారం పాటు పొద్దున అరగంట వాళ్లమ్మని కూర్చోమన్నాను. ఆ అరగంటా నేను ఎత్తుకోలేదు. చాప మీద పక్కనే కూర్చుని, పాప చూస్తే నవ్వేదాన్ని, తల తిప్పుకుంటే ఊరుకునేదాన్ని. నాలుగో రోజు పాక్కుంటూ వచ్చి నా గాజులు పట్టుకుంది!

వెనకనుంచి లటుక్కున ఎత్తడం కూడా మానేశాను. ఎదురుగా చేతులు చాచి, "ఎత్తుకోనా తల్లీ?" అని కాసేపు ఆగుతాను. మొదట్లో బిగుసుకుపోయేది. పోనుపోను తనే చేతులు లేపడం మొదలెట్టింది. నిద్రపుచ్చేటప్పుడు వాళ్లమ్మ పాత చున్నీ నా భుజాన వేసుకునేదాన్ని (మా ఆయా నవ్వేది, నవ్వనీ).

వాళ్లమ్మ చెప్పకుండా జారుకోవడం మాన్పించడమే కష్టమైంది. "ఏడుస్తుందండీ" అనేది. "ఏడిస్తే నేనున్నాను, టాటా చెప్పే వెళ్లండి" అన్నాను. చట్టం ప్రకారం రోజుకి నాలుగుసార్లు రావచ్చు కదా, పాలవేళకి వచ్చి వెళ్తోంది.

ఇప్పుడు పొద్దున ఒక్క నిమిషం ఏడుస్తుంది. నా భుజానికి ముక్కు తుడుచుకుని ఆటకి దిగుతుంది.