అమెరికా అంతర్యుద్ధం నాటి బూట్లు: ఇప్పటి తోలు జోడును ఎలా మార్చాలి?

అంతర్యుద్ధ (1861–65) పునఃప్రదర్శనలకి, అంటే సైనికుల వేషం వేసుకుని నాటి యుద్ధాలను మళ్లీ నటించి చూపడానికి, వచ్చేవాళ్లు కోటుకీ, టోపీకీ, తుపాకీకీ బోలెడు ఖర్చుపెడతారు. కాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆఫీసు బూట్లకి నల్ల పాలిష్ కొట్టుకుని వచ్చేస్తారు. ఉత్తరాది సైనికుడు తొడిగిన జెఫర్సన్ బూటీలు అలా ఉండేవి కావు. చీలమండ దాకా ఎత్తు, పలక ముక్కు, తోలు లేసు, తోలు అడుగు. చాలావాటికి తోలు గరుకు వైపే బయటికి ఉండేది. దానికి మైనం, నల్లరంగు పట్టించి నున్నగా చేసేవారు.

ముందు జోడు ఎంపిక. గరుకు వైపు బయటికున్న, లేత గోధుమరంగు వర్క్ బూట్లు తీసుకోండి. మెడ చుట్టూ స్పాంజి, పక్కన జిప్పు, లేసుకి కొక్కేలు ఉంటే ముట్టుకోవద్దు. ముక్కు ఆకారం తర్వాత మారదు కాబట్టి వెడల్పాటిదే చూడండి. తోలు మాత్రం చెట్టు బెరడుతో పదును చేసినదై (టానింగ్ చేసినదై) ఉండాలి. కోసిన అంచు చూస్తే తెలిసిపోతుంది: గోధుమరంగైతే బెరడు తోలు, నీలి బూడిదరంగైతే క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. క్రోమ్ పద్ధతి వ్యాపారంలోకి వచ్చింది 1884 నాటి పేటెంట్ తర్వాతే, అంటే యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకి.

లేసు రంధ్రాల చుట్టూ ఉండే ఇత్తడి రింగులను (ఐలెట్లను) పట్టకారుతో వెనకనుంచి విప్పి తీసేయండి. సైనిక బూట్లకి అవి ఉండేవి కావు. తర్వాత గుడ్డకి అసిటోన్ అద్ది, తోలు మీదున్న పూత వదిలేదాకా తుడవండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి. ఈ రెండూ గంటలో అయిపోయే పనులు.

ఇక నలుపు. నేను చూసిన పాడైన జోళ్లలో ఎక్కువ ఇక్కడే పాడయ్యాయి.

స్పిరిట్‌లో (ఆల్కహాల్‌లో) కలిపిన తోలు రంగు వద్దు. జూలై ఎండలో చెమట పట్టినా, వాన కురిసినా అది లేత నీలం ఉన్ని ప్యాంటుకి అంటుకుంటుంది, ఆ మరక ఇక పోదు. యాక్రిలిక్ పెయింటు మడతల దగ్గర పెచ్చులుగా ఊడుతుంది. ఇనుము, వెనిగర్‌తో వచ్చే నలుపు అలా కాదు. ఇనుము, బెరడు నుంచి తోలులోకి చేరిన టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి, నార లోపలే నల్లబడుతుంది. కలంకారీలో జరిగేదీ ఇదే: గుడ్డని ముందు కరక్కాయలో ముంచి, దానిమీద ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. క్రోమ్ తోలులో టానిన్ ఉండదు కాబట్టి బూడిదరంగు దగ్గరే ఆగిపోతుంది.

సన్నటి స్టీల్ ఊల్‌ని సబ్బుతో కడిగి నూనె పోగొట్టి, తెల్ల వెనిగర్‌లో వేసి వారం పది రోజులు ఉంచండి. మూత బిగించొద్దు. లోపల హైడ్రోజన్ పుడుతుంది, బిగిస్తే సీసా పగులుతుంది. పొయ్యికి, నిప్పుకి దూరంగా పెట్టండి. తర్వాత కాఫీ ఫిల్టర్‌లో వడకట్టండి. రజను మిగిలితే తోలు మీద మచ్చలు పడతాయి.

బూటు నాలుక (లేసు కింద ఉండే తోలు పట్టీ) లోపలివైపు ఈ వడకట్టిన నీళ్లు ఒక చుక్క వేసి చూడండి. కొన్ని నిమిషాల్లో నల్లబడకపోతే ఆ జోడు ఈ పనికి రాదు, పక్కన పెట్టేయండి. నల్లబడితే, ముందు చిక్కటి టీ డికాక్షన్ బూటంతా పట్టించండి. కరక్కాయ పొడి కషాయమైతే ఇంకా మేలు. అది ఆరీ ఆరకముందే ఆ ఇనుము వెనిగర్ నీళ్లు పలచగా, ఒకే వరసలో రాయండి. సరిపోలేదని మళ్లీమళ్లీ పూస్తే తోలులో ఇనుమూ ఆమ్లమూ మిగిలిపోయి, కొన్నాళ్లకి మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. చాలనిపించకపోతే మళ్లీ టీ పట్టించండి, ఇనుము పెంచొద్దు.

అరగంట తర్వాత లీటరు నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి తుడవండి, వెంటనే మంచినీళ్లతో కడగండి. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఆమ్లం అలాగే ఉండిపోతే తోలు అట్టలా విరుగుతుంది. అలాగని సోడాలో నానబెట్టొద్దు, అదీ తోలుని గట్టిపరుస్తుంది. నీడలో ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టారంటే ఇంతసేపు చేసిన పనంతా వృథా. కాస్త తడి ఉండగానే నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే తోలు నూనె) పలచగా పట్టించండి, మర్నాడు ఇంకోసారి. పూర్తిగా ఆరాక తేనెమైనం, కొవ్వు, దీపపు మసి కలిపిన ముద్దతో రుద్దితే గరుకు అణిగి, పాత ఫొటోల్లో కనిపించే మందమైన మెరుపు వస్తుంది. నైలాన్ కుట్టుదారానికి ఈ నలుపు పట్టదు, దాన్ని విడిగా సిరాతో దిద్దండి.

రబ్బరు అడుగు తీసి తోలు అడుగు వేయడం బూట్లు బాగుచేసే దుకాణం పని. మిషన్ కుట్టు అడుగుకి 1858లోనే పేటెంట్ ఉంది కాబట్టి కుట్టినా తప్పులేదు. చెక్క మేకులు కొట్టేవాళ్లు దొరికితే నేను అవే కొట్టిస్తాను. మడమకి గుర్రపు లాడం ఆకారపు ఇనుప పట్టీ వేయించి, తోలు లేసు కట్టండి. కొత్త తోలు అడుగు తడి గడ్డి మీద జారుతుంది, గరుకు కాగితంతో ఒకసారి గీకించుకున్నాకే మైదానంలోకి దిగండి.