సోప్ రాస్తే సూప్ వచ్చింది

హ్యూస్టన్‌లో నేను పనిచేసే రెస్టారెంటు వంటింట్లో ఓ మెక్సికన్ అక్క ఉంది. సామాన్ల చీటీలో నేను ‘సోప్ 4’ అని రాస్తే నాలుగు సూప్ డబ్బాలు తెచ్చింది. స్పానిష్‌లో ‘సోపా’ అంటే సూపేనట! రోప్ అంటే బట్టలనుకుంది, వాళ్ల ‘రోపా’ అదే. కార్పెట్ అంటే ఫైలనుకుంది, వాళ్ల ‘కార్పెతా’ అదే. రాని మాటలకన్నా తెలిసినట్టుండే మాటలతోనే తంటా. నేనేం తక్కువ కాదు. సిగ్గుగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు ‘ఎంబరాస్డ్’ లాంటిదేననుకుని ‘ఎస్తోయ్ ఎంబరసాదో’ అన్నాను. గర్భంతో ఉన్నానని అర్థమట, వంటిల్లంతా ఒకటే నవ్వు.

తర్వాత చీటీల్లో ఇంగ్లీషు మాట పక్కన స్పానిష్ రాసి చూశాం, అదీ మానేశాం. మాటను వస్తువుకే అంటించాం: సబ్బు సీసా మీద ‘సోప్’, గిన్నె మీద ‘సూప్’. తీసినప్పుడల్లా పైకి అనాలి. రెండు వారాల్లో తప్పులు బాగా తగ్గాయి.

పలకడం ఇంకో గొడవ. స్పూన్‌ని ‘ఎస్పూన్’ అంటుంది. స్పానిష్‌లో మాట మొదట్లో ‘స్ప’, ‘స్క’ రావు. మా అమ్మమ్మ ‘ఇస్కూలు’ అనేది కాబట్టి నాకు వింతనిపించలేదు. ‘స్స్స్’ అని పాములా సాగదీసి, అప్పుడు ‘పూన్’ అనమన్నాను. ఇప్పుడు వంటింట్లో రోజంతా పాము బుసలే.