విడి చిప్‌తో మొదటి అడుగులు – మూడవ పాఠం: తక్కువ ఖర్చులో ప్రోగ్రామర్ ఎంపిక

గత పాఠంలో ఆర్డుయినో ఊనో బోర్డు మీద ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే ప్రోగ్రాము రాశాము. యూఎస్‌బీ తీగ కలపగానే ఆ ప్రోగ్రాము చిప్‌లోకి చేరగలిగిందంటే, బోర్డులోని ఏటీమెగా328పీ అనే చిప్‌లో, యూఎస్‌బీ ద్వారా వచ్చే ప్రోగ్రామును అందుకునే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామును తయారీదారులు ముందే ఎక్కించి ఉంచడమే కారణం. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, ఆన్‌లైన్‌లోనో విడిగా కొన్న చిప్‌లో సాధారణంగా ఆ బూట్‌లోడర్ ఉండదు కనుక, దానిలోకి మొదటి ప్రోగ్రామును పంపడానికి ప్రోగ్రామర్ అనే పరికరం కావాలి. ఈ పాఠమంతా ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 అనే చిప్ ఆధారంగా సాగుతుంది.

ప్రోగ్రామర్ ధర చూడడానికి ముందు, మీ చిప్ ఏ పద్ధతిలో ప్రోగ్రామును స్వీకరిస్తుందో డేటాషీట్‌లో చూడండి. ఏటీటైనీ85, ఏటీమెగా328పీ వంటి, ఏవీఆర్ అనే కుటుంబానికి చెందిన పాత చిప్‌లు ఐఎస్‌పీ (చిప్ సర్క్యూట్‌లో ఉండగానే ప్రోగ్రాము ఎక్కించే) పద్ధతిని వాడతాయి. అందులో మోసీ (చిప్‌లోకి వెళ్లే డేటా), మిసో (చిప్ నుంచి వచ్చే డేటా), ఎస్‌సీకే (క్లాకు), రీసెట్ అనే నాలుగు సంకేతాలకు తోడు విద్యుత్తు, గ్రౌండు ఉంటాయి. 2016లో ఏవీఆర్ చిప్‌ల తయారీ సంస్థ ఆట్మెల్‌ను మైక్రోచిప్ సంస్థ కొన్న తర్వాత వచ్చిన కొత్త టైనీ చిప్‌లు యూపీడీఐ అనే ఒంటి తీగ పద్ధతికి మారాయి; వాటికి ఐఎస్‌పీ ప్రోగ్రామర్ పనికిరాదు. ఎస్‌టీఎమ్32 చిప్‌లకు ఎస్‌టీ-లింక్, పిక్ చిప్‌లకు పిక్‌కిట్ వాడతారు. చిప్ కుటుంబాన్ని నిర్ణయించుకోకుండా ప్రోగ్రామర్ కొంటే, ఎంత చౌకగా దొరికినా ఆ డబ్బు వృథాయే.

మీ దగ్గర ఊనో ఉంటే, మొదటి ప్రోగ్రామర్‌ను కొనవలసిన పనే లేదని నా అభిప్రాయం. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ ఉదాహరణలలో ఉన్న ఆర్డుయినో ఐఎస్‌పీ ప్రోగ్రామును ఊనోలోకి ఎక్కిస్తే, ఆ బోర్డే ప్రోగ్రామర్‌గా మారుతుంది. ఊనోలోని 10, 11, 12, 13 పిన్‌లను వరుసగా ఏటీటైనీ85లోని 1, 5, 6, 7 కాళ్లకు కలపాలి. 5 వోల్టులను 8వ కాలికి, గ్రౌండును 4వ కాలికి ఇవ్వాలి. ఆ తర్వాత ఊనోలో రీసెట్‌కూ గ్రౌండుకూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, ధన కాలు రీసెట్ వైపు ఉండేటట్లు పెట్టాలి. కంప్యూటరు సంభాషణ మొదలుపెట్టిన ప్రతిసారీ ఊనో రీసెట్ కాకుండా ఆపేది ఈ కెపాసిటరే. ఊనోలోకి ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు మాత్రం దానిని తీసివేయాలి.

ఊనోను వేరే పనికి కేటాయించుకున్నవారు యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ కొనుక్కోవచ్చు. థామస్ ఫిష్ల్ రూపొందించి అందరికీ అందుబాటులో ఉంచిన ఈ నమూనా ఆధారంగా తయారైన బోర్డులు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. కొనేటప్పుడు పది పిన్‌లను ఆరు పిన్‌లుగా మార్చే చిన్న అడాప్టరును కూడా తీసుకోండి. లేకపోతే బ్రెడ్‌బోర్డు మీద జంపర్ వైర్లతో ప్రతిసారీ తంటాలు పడవలసి వస్తుంది. విండోస్‌లో జాడిగ్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో డ్రైవరు పెట్టుకోవలసి రావచ్చు.

చాలామంది తమ ప్రోగ్రామర్ పాడైందని భ్రమపడేది వేగం దగ్గరే. ఏటీటైనీ85 లోపలి క్లాకు 8 మెగాహెర్ట్జ్ అయినా, కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు అది ఎనిమిదవ వంతుకు తగ్గి 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ఐఎస్‌పీ క్లాకు చిప్ క్లాకులో నాలుగవ వంతు కంటే తక్కువగా, అంటే ఇక్కడ 250 కిలోహెర్ట్జ్ లోపు ఉండాలి. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలు వేగం 375 కిలోహెర్ట్జ్ కాబట్టి, తీగలన్నీ సరిగా ఉన్నా కొత్త చిప్ బదులు పలకకపోవచ్చు. అప్పుడు బోర్డు మీది నెమ్మది వేగపు జంపరును కలపాలి, లేదా కంప్యూటరు నుంచి ప్రోగ్రామర్‌ను నడిపే ఏవీఆర్‌డ్యూడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బిట్ క్లాకును (ఐఎస్‌పీ క్లాకు వేగాన్ని) తగ్గించాలి. ఎస్‌సీకే వేగాన్ని మార్చలేకపోతున్నానని, ప్రోగ్రామర్ లోపలి ప్రోగ్రామును (ఫర్మ్‌వేర్‌ను) చూసుకోమని ఏవీఆర్‌డ్యూడ్ హెచ్చరించినా కంగారు పడవద్దు. చిప్ పలుకుతున్నంతవరకు పని సాగుతుంది.

వోల్టేజీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ బోర్డులలో చాలావాటి మీద 5, 3.3 వోల్టుల జంపరు ఉంటుంది గాని, అది చిప్‌కు అందే విద్యుత్తును మాత్రమే మారుస్తుంది. సంకేతాల తీగల మీద 5 వోల్టులే ఉంటాయి. అందువల్ల అవే తీగలకు 3.3 వోల్టుల సెన్సరో మెమరీ కార్డో కలిపి ఉంటే, ప్రోగ్రాము ఎక్కించే ముందు వాటిని తప్పనిసరిగా విడదీయాలి.

ఫ్యూజుల (చిప్ క్లాకు, రీసెట్ కాలు వంటి వాటి తీరును నిర్ణయించే అమరికల) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లవద్దు. రీసెట్ కాలిని మామూలు పిన్‌గా మార్చే ఫ్యూజును పొరపాటున రాస్తే, ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌కు ఆ చిప్ ఇక అందదు. 12 వోల్టుల ప్రోగ్రామింగుతోనే దానిని మళ్లీ దారికి తేవాలి.

ఈ పాఠానికి అభ్యాసం చదవడం మాత్రమే, రాయడం కాదు. ఏవీఆర్‌డ్యూడ్‌తో చిప్ సంతకాన్ని (అది ఏ చిప్పో తెలిపే గుర్తింపు సంఖ్యను) చదివి, హెక్సాడెసిమల్‌లో 1ఈ, 93, 0బీ వచ్చిందేమో చూడండి. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే ముందు తీగలను, తర్వాత వేగాన్ని సరిచూడండి. సంతకం సరిపోలాక మూడు ఫ్యూజుల విలువలను చదివి నోటుపుస్తకంలో రాసుకోండి. కొత్త చిప్‌లో అవి 62, డీఎఫ్, ఎఫ్ఎఫ్‌గా ఉండాలి. తర్వాతి పాఠంలో ఆ మొదటి విలువలోని ఒక్కొక్క బిట్‌ను విడదీసి చూద్దాం.