తెరిచిన ఆహారపు టిన్నును ఇంట్లో ఎలా వాడాలి, ఎలా పారేయాలి?

సీలు చెక్కుచెదరనంత కాలం టిన్నులోని ఆహారం నెలల తరబడి నిక్షేపంగా ఉంటుంది. మూత లేచిందా, ఇక రెండు పనులు మన మీద పడతాయి. లోపలిది పాడవకుండా చూడాలి, పదునైన అంచు ఎవరినీ కోయకుండా చూడాలి. మొదటిది చాలామంది పట్టించుకుంటారు. రెండోది చెత్తబుట్ట దగ్గరే మర్చిపోతారు. కానీ ఆ డబ్బా మన చేతిలో ఉండేది కాసేపే. తర్వాత చెత్త సంచి ముడివేసేవారు, దాన్ని ఎత్తేవారు, చేత్తో ఏరి వేరుచేసేవారు ఉన్నారు. సంచి చింపి మూతి పెట్టే కుక్కలూ పిల్లులూ ఉన్నాయి.

1. తెరవకముందే డబ్బాను చూడండి

పైనా కిందా ఉబ్బినా, ఎక్కడైనా కారుతున్నా, అతుకు మీద లోతైన సొట్ట ఉన్నా, తుప్పు గట్టిగా పట్టినా దాన్ని తెరవొద్దు. గాలి లేని చోట పెరిగే క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషానికి రంగూ వాసనా ఉండనక్కర్లేదు కాబట్టి ‘కొంచెం నాలుకకు రాసి చూద్దాం’ అనే పరీక్ష అసలు వద్దు. అతుకుకు దూరంగా చిన్న సొట్ట ఉంటే మాత్రం భయపడాల్సిన పనిలేదు.

2. మూత తుడిచి తెరవండి

గోదాముల్లో, అరల్లో పేరుకున్న దుమ్ము మూత మీదే ఉంటుంది. కోసేటప్పుడు అది లోపలికే పోతుంది. అందుకే ముందు డబ్బా పైభాగాన్ని కడిగి పొడిగా తుడవండి. ఓపెనర్ పళ్లచక్రాన్ని కూడా వాడిన ప్రతిసారీ సబ్బుతో కడగాలి. అందరూ వదిలేసేది దాన్నే.

డబ్బాను చేతిలో పట్టుకుని కాకుండా బల్ల మీద నిలిపి తెరవండి. రింగు ఉన్న మూతైతే రింగును పైకి లేపి, మూత మొదట కొద్దిగా తెరుచుకున్నాక నెమ్మదిగా వెనక్కి లాగాలి. చివర్లో ఒక్కసారిగా ఊడి వస్తుంది, వేళ్లు తెగేదీ అప్పుడే. రింగు విరిగితే వేలితో కుస్తీ పట్టకుండా ఓపెనర్ తీసుకోండి. కత్తితో పొడవడం మాత్రం ఎప్పుడూ వద్దు. టిన్ను డబ్బాకు ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ పేటెంట్ తీసుకున్నది 1810లో. అమెరికాలో ఎజ్రా వార్నర్ ఓపెనర్‌కు పేటెంట్ వచ్చింది 1858లో. తొలినాళ్లలో ఉలీ సుత్తీ పట్టక తప్పలేదు. మనకు ఆ అగత్యం లేదు.

మూతను కొంచెం అతుకు వదిలి పైకి వంచే అలవాటు చాలామందికి ఉంది. అలా నిలబడ్డ మూత చెంచా పెట్టిన ప్రతిసారీ చేతిని గీరుతుంది. పూర్తిగా కోసి తీసేయడమే మేలు. అది లోపల పడితే వేలు పెట్టకుండా చెంచాతో లేపండి. కొత్తగా ఓపెనర్ కొనేవారైతే పక్కనుంచి కోసేది చూడండి. దాంతో మూతకూ డబ్బాకూ పదునైన అంచు మిగలదు.

3. మిగిలినదాన్ని వేరే పాత్రలోకి మార్చండి

తెరిచిన డబ్బాను అలాగే ఫ్రిజ్‌లో పెడితే వెంటనే విషమైపోదు. అయితే గాలి తగిలాక టమాటా, పండ్ల ముక్కల వంటి పుల్లటి పదార్థాలు లోహాన్ని కరిగించడం మొదలుపెడతాయి, రుచికి లోహపు వాసన తగులుతుంది. మూత కూడా సరిగా పడదు. గాజు సీసాలోకో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకో మార్చి, పైన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువలో ఉండాలి. మాంసం, చేపలు, చిక్కుళ్లు, కూరగాయలు 3, 4 రోజుల్లో తినేయాలి. పుల్లటివి 5 నుంచి 7 రోజులు ఆగుతాయి. బయట 2 గంటలకు మించి ఉంచొద్దు, ఎండ 32 డిగ్రీలు దాటితే 1 గంటే. వేడి చేయాలనుకుంటే పాత్రలో వేసి చేయండి. మూసి ఉన్న టిన్నును పొయ్యి మీద పెడితే పేలుతుంది. మైక్రోవేవ్‌లో లోహం పెట్టకూడదు.

4. కడిగి నీరు వంపేయండి

దీనికి మంచినీళ్లు పారబోయక్కర్లేదు. గిన్నెలు తోమగా మిగిలిన నీళ్లు చాలు. చేపల నూనె ఉంటే సింకులో పోయొద్దు, గొట్టానికి అడ్డం పడుతుంది. పాత కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. కడిగేటప్పుడు చేతిని లోపలికి దూర్చకండి, పొడవాటి బ్రష్ వాడండి. కాగితపు లేబుల్ సాధారణంగా తీయనక్కర్లేదు, కరిగించేటప్పుడు కాలిపోతుంది.

5. పదునును లోపలికి పంపండి

అసలు పని ఇదే. కోసిన మూతను ఖాళీ డబ్బాలో వేయండి. మూత జారి బయటికి రాకుండా డబ్బా మూతిని శ్రావణంతో నొక్కండి, లేదా డబ్బాను పడుకోబెట్టి మూతి వైపు చెప్పుకాలితో తొక్కండి. దాంతో మూత బయటపడదు, ఏ జంతువు తలా లోపల ఇరుక్కోదు. ఇరుక్కున్న తలను అది తనంతట వెనక్కి లాక్కోలేదు. కోసిన అంచు మెడకు తగులుతుంది. డబ్బా గట్టిదై నొక్కుడుపడకపోతే మందపాటి కాగితంలో చుట్టి టేపు వేయండి, పైన ‘పదునైనది’ అని పెద్ద అక్షరాలతో రాయండి. డబ్బాను పూర్తిగా చదును చేయాల్సిన అవసరం లేదు. కొన్నిచోట్ల చదును చేయొద్దంటారు, ఎందుకంటే వేరుచేసే యంత్రాలు ఆకారాన్ని బట్టి పనిచేస్తాయి.

6. పొడి చెత్తలో వేయండి

ఎక్కువ ఆహారపు టిన్నులు తగరపు పూత ఉన్న ఉక్కువే. కొన్ని అల్యూమినియంవి. అయస్కాంతం అతుక్కుంటే ఉక్కు. రెండూ మళ్లీ మళ్లీ కరిగించి వాడుకోగలిగినవే. ఖనిజం నుంచి తీయడంతో పోలిస్తే పాత అల్యూమినియం కరిగించడానికి దాదాపు 95 శాతం తక్కువ శక్తి చాలు. వేరుగా తీసుకునే ఏర్పాటు ఉంటే అక్కడే ఇవ్వండి. ఇంట్లో కాల్చొద్దు.

పెరట్లోనో మేడ మీదో పడేసి ఉంచడం ఇంకా ప్రమాదం. నిలిచిన కాసిని నీళ్లు చాలు, డెంగీ వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి, తడి తగలగానే పొదుగుతాయి. మొక్కల కోసం ఉంచుకుంటే అడుగున మేకుతో చిల్లులు పొడిచి, అంచులు ఆకురాయితో అరగదీయండి.

ఉబ్బిన డబ్బా మీ దగ్గరే ఉంటే

తెరవకుండా రెండు సంచుల్లో వేసి బిగించి, జంతువులకు అందని చెత్తబుట్టలో పెట్టండి. కారి ఉంటే చేతొడుగులు వేసుకుని, అది తగిలిన చోటును 2 కప్పుల నీటికి పావు కప్పు ద్రవరూప బ్లీచ్ కలిపి, ఆ నీటితో తడిపి, కాగితం కప్పి 15 నిమిషాలు వదిలి తుడవండి. అనుమానమున్న ఆహారం తిన్న తర్వాత చూపు రెండుగా కనిపించినా, కనురెప్పలు వాలినా, మాట తడబడినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి తరచు 18 నుంచి 36 గంటల్లో బయటపడతాయి.

వేలు తెగితే

ధారగా నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు ఆపకుండా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉన్నా డాక్టరుకు చూపించాలి. లోతైన కోత నరాన్నో, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువునో తాకి ఉండొచ్చు. గాయానికి మట్టి, చెత్త అంటుకుంటే, చివరి ధనుర్వాతం టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటిందేమో కూడా డాక్టరుకు చెప్పండి.