మన బాక్సింగ్ దిగ్గజాల్ని సరిగ్గా గౌరవించాలంటే ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి

ఆగస్టు 29 నేషనల్ స్పోర్ట్స్ డే దగ్గరకొస్తే చాలు, స్కూళ్ళు, కాలేజీలు, బాక్సింగ్ క్లబ్బులు ఎవరైనా పాత ప్లేయర్‌ని పిలిచి సన్మానం చేద్దాం అనుకుంటాయి. అనుకోవడం మంచిదే, కానీ చాలా చోట్ల ఏం జరుగుతుందంటే చీఫ్ గెస్ట్ గారు వచ్చేదాకా ఆ పెద్దాయన ఎండలో కుర్చీలో కూర్చోవడం, తర్వాత ఒక శాలువా, ఒక మెమెంటో, గ్రూప్ ఫోటో, అంతే. ఆయన ఏ వెయిట్‌లో ఆడారో, ఏ దేశంలో మెడల్ కొట్టారో అక్కడున్న పిల్లల్లో ఒక్కరికీ తెలీదు. నా ఉద్దేశంలో బాక్సర్‌కి మర్యాద అంటే ఆయన చేసిన పని పిల్లలకి అర్థమవ్వాలి, ఆయనకి ఏదైనా అవసరం ఉంటే బతికుండగానే తీరాలి. దానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

ముందు ఎవరి పేరు మీద చేస్తున్నారో తేల్చుకోండి. మేరీ కోమ్, విజేందర్, లవ్లీనా, నిఖత్ పేర్లు అందరికీ నోటికొచ్చు, వాళ్ళ వెనకున్న వాళ్ళ దగ్గరే కథంతా ఉంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో పదమ్ బహదూర్ మల్ గోల్డ్ కొట్టారు, ఏషియన్ గేమ్స్ బాక్సింగ్‌లో ఇండియాకి అదే మొదటి గోల్డ్. తర్వాత హవా సింగ్, హెవీవెయిట్, 1966లో ఒకటి, 1970లో ఒకటి, రెండు గోల్డ్‌లూ బ్యాంకాక్‌లోనే, రిటైరయ్యాక భివానీలో కుర్రాళ్ళకి నేర్పించారు, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డ్ ప్రకటించాక దాన్ని చేతికి అందుకోకుండానే 2000 ఆగస్టులో చనిపోయారు. 1982 ఢిల్లీలో కౌర్ సింగ్ గోల్డ్ కొట్టారు. ఆ తర్వాత 16 ఏళ్ళు ఏషియన్ గేమ్స్‌లో మనకి బాక్సింగ్ గోల్డ్ లేదు, 1998లో మణిపూర్ కుర్రాడు డింకో సింగ్ మళ్ళీ అదే బ్యాంకాక్‌లో కొట్టేదాకా. ఆ డింకోని చూసే మేరీ కోమ్ బాక్సింగ్‌లోకి వచ్చింది. ఇలా ఒకరి నుంచి ఇంకొకరికి గీత గీసుకుంటూ వెళ్తే పిల్లలకి చెప్పడానికి మీ దగ్గర ఒక కథ ఉంటుంది, ఉత్త మెడల్స్ లిస్ట్ చదివితే ఎవరూ వినరు.

మన తెలుగు వాళ్ళని మాత్రం మర్చిపోవద్దు. నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయని అందరికీ తెలుసు, 2022 ఇస్తాంబుల్‌లో, 2023 ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్. హుస్సాముద్దీన్‌దీ నిజామాబాదే, 2018, 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో బ్రాంజ్, 2023 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఇంకో బ్రాంజ్. కానీ విశాఖ ఉష గురించి ఎంతమందికి తెలుసు? 2006 ఢిల్లీ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఆమె సిల్వర్ కొట్టింది, అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగే లేదు, 2012 లండన్‌లో గానీ పెట్టలేదు, అంటే ఆ తరం అమ్మాయిలు మంచి ఫామ్‌లో ఉన్నప్పుడు వెళ్దామన్నా ఒలింపిక్స్ తలుపే లేదు. 2020లో ఆమెకి ధ్యాన్‌చంద్ అవార్డ్ ఇచ్చారు. మీ బోర్డు మీద ఉష పేరు రాసేటప్పుడు ఈ ఒక్క విషయం కింద రాస్తే చాలు, ఆ సిల్వర్ విలువ ఏంటో చదివినోళ్ళకి తెలిసిపోతుంది.

కోచ్‌లని కూడా కలపండి. విశాఖ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌లో నిఖత్‌కి నేర్పిన ఐ. వెంకటేశ్వరరావు గారు ద్రోణాచార్య అవార్డీ. హుస్సాముద్దీన్‌కి మొదటి గురువు వాళ్ళ నాన్న షంసముద్దీన్ గారే. మీ ఊర్లో ఏ హోదా లేకుండా పొద్దున్నే ఐదింటికి గ్రౌండ్‌కొచ్చి పిల్లల చేత స్కిప్పింగ్ చేయించే మాస్టారు ఉంటే ఆయన్ని కూడా అదే స్టేజీ మీద కూర్చోబెట్టండి.

ఇక వివరాలు, ఇక్కడ అస్సలు రాజీ పడొద్దు. ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు నాలుగు విషయాలు చూసుకోండి: ఏ టోర్నీ, ఏ సంవత్సరం, ఏ వెయిట్, ఏ మెడల్. విజేందర్ 2008 బీజింగ్‌లో కొట్టింది బ్రాంజ్, ఒలింపిక్స్ బాక్సింగ్‌లో మనకి మొదటి మెడల్, ఆ మాట చాలు, దాన్ని గోల్డ్ చెయ్యక్కర్లేదు. వెయిట్ ఎందుకు రాయాలంటే మేరీ కోమ్ ఆరు వరల్డ్ టైటిల్స్ 45 నుంచి 48 కేజీల్లో గెలిచింది, లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి అన్నిటికన్నా తక్కువ క్యాటగిరీయే 51 కేజీలు, అంటే తనకన్నా పెద్ద సైజు వాళ్ళతో ఆడి బ్రాంజ్ తెచ్చింది. వెయిట్ రాయకపోతే ఆ కష్టం కనపడదు. బాక్సర్ బతికే ఉంటే డ్రాఫ్ట్ ఆయనకే ఫోన్‌లో పంపి ఓకే చేయించుకోండి, పేరు స్పెల్లింగ్‌తో సహా.

ప్రోగ్రామ్ రోజు స్పీచ్‌లు అరగంటలో ముగించి రింగ్ వైపు వెళ్ళిపోవాలి. బాక్సర్‌ని పిలిచి బాక్సింగ్ లేకుండా పంపిస్తే ఏం బాగుంటుంది చెప్పండి. పిల్లలతో నాలుగైదు ఎగ్జిబిషన్ బౌట్లు పెట్టండి, గెలుపోటములు ప్రకటించొద్దు, రౌండ్లు కోచ్ చెప్పినంత చిన్నవిగా ఉంచండి, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ లేకుండా ఎవర్నీ ఎక్కించొద్దు, రింగ్ పక్కన డాక్టర్ కచ్చితంగా ఉండాలి. అతిథిని వీఐపీ సోఫాలో కాకుండా ఒక పిల్లాడి కార్నర్‌లో, అంటే రింగ్ మూలన కోచ్ ఉండే చోట, కూర్చోబెట్టండి, ఒప్పుకుంటే.

ఇంకోటి, బౌట్‌కి ముందు ఆయన చేతే ఆ పిల్లాడికి హ్యాండ్‌రాప్, అంటే గ్లవ్స్ లోపల చేతికి చుట్టే గుడ్డ పట్టీ, కట్టించండి. నాకైతే ఇదే అసలు సన్మానం అనిపిస్తుంది. బొటనవేలికి లూప్ తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, అక్కణ్ణుంచి పిడికిలి ఎముకల మీద మూడు చుట్లు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కోసారి తీసి, మళ్ళీ మణికట్టు దగ్గరికొచ్చి అంటించెయ్యడం. ఎన్నేళ్ళు రింగ్‌కి దూరంగా ఉన్నా ఆ చేతులు మర్చిపోవు, మధ్యలో "పిడికిలి బిగించు, నొప్పిగా ఉందా" అని అడుగుతారు చూడండి, ఆ రెండు నిమిషాలు ఎవరో ఒకరు దగ్గర్నుంచి వీడియో తియ్యండి, కానీ మీద పడొద్దు.

చనిపోయిన వాళ్ళని తలచుకునేటప్పుడు బాక్సింగ్‌కి ఒక సొంత ఆచారం ఉంది, టైమ్‌కీపర్ గంటని పదిసార్లు మెల్లగా కొడతారు, అందరూ లేచి నిలబడతారు. ఒక్కో దెబ్బకి మధ్య ఆ శబ్దం పూర్తిగా ఆగేదాకా ఆగాలి, తొందరపడితే స్కూల్ గంటలా అయిపోతుంది. పేరు, ఊరు, మెడల్ ఒక్క లైన్‌లో చెప్పి మొదలుపెట్టండి, వెనక సినిమా మ్యూజిక్ వద్దు. బతికున్న వాళ్ళకి మాత్రం ఎప్పుడూ ఇది చెయ్యకూడదు.

పాత గ్లవ్స్, మెడల్స్, ఫోటోలు చూపించాలనుకుంటే తీసుకునేటప్పుడే కాగితం మీద ఏమేం తీసుకున్నారో రాసి సంతకం పెట్టి ఇవ్వండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి, ఒక మెడల్ పోతే మళ్ళీ తెచ్చివ్వలేం. మెడల్‌ని మెరిసేలా పాలిష్ చెయ్యొద్దు, పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. లెదర్ గ్లవ్స్‌కి మన వానాకాలంలో బూజు పట్టేస్తుంది, నూనె రాయకుండా లోపల తెల్ల కాటన్ గుడ్డ కుక్కి, పక్కన సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి.

డబ్బు విషయం మొహమాటపడకుండా మాట్లాడాలి. కౌర్ సింగ్ 1980లో ఢిల్లీలో మహమ్మద్ అలీతో ఎగ్జిబిషన్ బౌట్ ఆడిన మనిషి, పద్మశ్రీ కూడా, అలాంటాయన ముసలితనంలో గుండె ట్రీట్‌మెంట్ కోసం అప్పు చెయ్యాల్సి వచ్చింది. 1994 హిరోషిమా ఏషియన్ గేమ్స్ బ్రాంజ్ మెడలిస్ట్ లఖా సింగ్ లుధియానాలో టాక్సీ నడిపారు. అందుకే పిలిచేటప్పుడే రాను పోను ఖర్చు, రూమ్ మీదేనని చెప్పండి, ఇచ్చే మొత్తం స్టేజీ మీద పెద్ద అట్టముక్క చెక్ లాగా కాకుండా ముందే అకౌంట్‌లో వేసెయ్యండి. ఇబ్బందుల్లో ఉన్నారా అని మైక్‌లో అడగొద్దు, ఇంటికెళ్ళి పక్కన కూర్చుని అడగండి.

అవసరం ఉందని తెలిస్తే అప్లికేషన్లకి మీరే సాయం చెయ్యండి. ఇంటర్నేషనల్ మెడలిస్టులకి కేంద్ర క్రీడా శాఖ పెన్షన్ స్కీమ్ ఉంది, 30 ఏళ్ళు దాటి యాక్టివ్ ఆట మానేసిన వాళ్ళకి, ఏ మెడల్స్‌కి వర్తిస్తుందో రూల్స్ చూడండి. కష్టాల్లో ఉన్న పాత ప్లేయర్ల కోసం పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు మీద సంక్షేమ నిధి ఉంది. ధ్యాన్‌చంద్ లైఫ్‌టైమ్ అవార్డ్ ఇప్పుడు అర్జున లైఫ్‌టైమ్‌గా మారింది, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెలో చెదలు పట్టి ఉంటాయి, వాటిని స్కాన్ చేసి పీడీఎఫ్‌లు చేసి వాళ్ళ పిల్లల ఫోన్‌లో, మీ క్లబ్ కంప్యూటర్‌లో పెట్టడం ఒక ఆదివారం పని.

ప్రోగ్రామ్ అయ్యాక వారంలోపు ఫోటోలు ఆయనకి ప్రింట్ తీయించి పంపండి, తీసుకున్న వస్తువులు తిరిగిచ్చి కాగితం మీద సంతకం తీసుకోండి. ఆయనతో గంటసేపు తీరిగ్గా మాట్లాడి రికార్డ్ చెయ్యండి, మొదటి గ్లవ్స్ ఎవరిచ్చారు, వెయిట్ తగ్గడానికి ఏం చేసేవారు, ఏ ఓటమి ఇంకా గుర్తొస్తుంది, ఇలాంటివి అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. తెలుగు వికీపీడియాలో ఆయన పేజీ లేకపోతే పాత పేపర్ కటింగ్స్ ఆధారంగా మొదలుపెట్టండి. వచ్చే ఏడాది జిల్లా టోర్నీలో బెస్ట్ బాక్సర్ ట్రోఫీ ఆయన పేరు మీద పెట్టమని అసోసియేషన్‌కి ఇప్పుడే లెటర్ ఇచ్చెయ్యండి, టోర్నీ డేట్లు ఫిక్సయ్యాక అడిగితే కుదరదంటారు.