గడ్డి చామంతి పసరు పుండును మాన్పుతుందా: పరీక్షించే పద్ధతి

చేలో కొడవలి తెగితే గట్టు మీది గడ్డి చామంతి ఆకును అరచేతిలో నలిపి, పసరు పిండి, గుడ్డ కట్టడం కడప పల్లెల్లో పెద్దలకు తెలిసిన వైద్యమే. అయితే చిన్న గాటు ఏ మందూ లేకపోయినా కొన్నాళ్లకు మానుతుంది కాబట్టి, పసరు తగలని పుండును పక్కన పెట్టి పోల్చనిదే పసరు చేసిన పని ఎంతో తేలదు.

ముందుగా, వాడేవారి అనుమతితో, వారు ఏ భాగాన్ని ఏ కాలంలో కోస్తారో, పచ్చిగా పూస్తారో నూనెలో కాచి పూస్తారో రాసుకోవాలి. ఆ తరువాత పూతతో ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో వృక్షశాస్త్ర శాఖవారికి చూపించి, శాస్త్రీయనామాన్ని నిర్ధారించుకొని, భద్రపరిచిన ఆ కొమ్మకు వారిచ్చే నమూనా సంఖ్య తీసుకోవాలి. గడ్డి చామంతి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. పొడవాటి కాడ చివర పువ్వు, దాని అంచు రేకులకు మూడేసి పళ్లు ఉంటాయి. పక్కనే పెరిగే గుంటగలగర ఆకును నలిపితే పసరు నల్లబడుతుంది. ఈ తేడా చూసుకోకుండా రెండూ కలిపి కోసిన సంచి తరువాతి పనినంతా పాడుచేస్తుంది. ఎర్రచందనం వంటివాటిని పరీక్షించదలిస్తే అటవీశాఖ అనుమతి లేనిదే అడవిలో చెయ్యి పెట్టరాదు. గట్టు మీది మొక్కకు రైతును అడిగితే చాలు.

ఆకును నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. కడప బండలు పరిచిన మిద్దె మీద మే నెలలో ఒకసారి ఆరబోసి, సాయంత్రానికి గోధుమరంగు తిరిగిన ఆకును పారబోసిన అనుభవం నాకుంది. ఎండిన పొడి 100 గ్రాములకు 70 శాతం ఇథనాల్ ఒక లీటరు పోసి, అప్పుడప్పుడు కదుపుతూ 3 రోజులు నానబెట్టి, వడపోత కాగితంలో వడగట్టి, రోటరీ ఇవాపరేటర్‌లో (ద్రావణాన్ని తిప్పుతూ ఆవిరిచేసే పరికరం) తక్కువ వేడి మీద చిక్కబరచాలి. చివరికి మిగిలిన సారం బరువు తప్పక రాసుకోవాలి.

జంతువుల దాకా వెళ్లకముందే, ఈ సారం చర్మకణాలను చంపుతుందా అన్నది ఎంటీటీ పరీక్షతో, అంటే బతికున్న కణాలు రంగు మార్చే రసాయనంతో, చూడాలి. ఆ తరువాత గిన్నెలో పెంచిన ఫైబ్రోబ్లాస్ట్ కణాల (పుండు పూడ్చే చర్మకణాలు) పొర మీద పిపెట్ మొనతో గీత గీసి, 0, 24 గంటలకు ఫొటోలు తీసి, ఖాళీ ఎంత పూడిందో కొలవాలి. కణాలు పెరగడానికి పోషక ద్రవంలో కలిపే సీరం (రక్తం నుంచి తీసినది) తగ్గించకపోతే కణాలు జరిగాయో, సంఖ్యలో పెరిగాయో చెప్పడం కష్టం.

ఎలుకలకు పుండు చేసి మందు పూసి చూసే ప్రయోగానికి సీసీఎస్ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) నమోదు ఉన్న జంతుశాల, ఆ సంస్థ నైతిక సంఘం అనుమతి, మత్తు, నొప్పి నివారణ తప్పనిసరి. సాధారణంగా గుంపుకు 6 ఎలుకలను తీసుకుంటారు: ఒక గుంపుకు ఏమీ పూయరు, ఒకదానికి సారం లేని ఉత్త లేపనం, ఒకదానికి 5 శాతం సారం కలిపిన లేపనం, మరొకదానికి పోవిడోన్ అయొడిన్ లేపనం. నా లెక్కలో ఉత్త లేపనం గుంపే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే జిడ్డు పుండును తడి ఆరనీయకుండా కాపాడి తానే కొంత మేలు చేయవచ్చు. ఒకదాని పుండును మరొకటి నాకకుండా ప్రతి ఎలుకనూ విడి బోనులో ఉంచాలి.

పుండు అంచును పారదర్శక కాగితం మీద గీసి, గ్రాఫ్ కాగితంపై వైశాల్యం లెక్కించాలి. మొదటిరోజు 500 చదరపు మిల్లీమీటర్లు ఉన్నది 8వ రోజుకు 200 అయితే 60 శాతం మూసుకుందన్నమాట. అయితే ఎలుక చర్మం కింద పలుచని కండరపొర ఉండి పుండు అంచులను దగ్గరికి లాగుతుంది. మనిషి పుండు ఎక్కువగా కొత్త చర్మం పాకడం వల్ల మానుతుంది. అందుకే చెక్కు రాలి కింద పచ్చిపుండు లేకుండా కనిపించిన రోజును వేరుగా రాయాలి. వైశాల్యం అంకెను ఒక్కదాన్నే చూసి మనుషుల మందు దొరికిందనుకోవడం పొరపాటు.

కొలిచేవారి నమ్మకం అంకెల్లోకి చొరబడకుండా, లేపనం డబ్బాల మీద అ, ఆ, ఇ అని మాత్రమే రాసి, ఏ అక్షరంలో ఏముందో తెలిపే చీటీని కొలిచే పనిలో లేని వ్యక్తి దగ్గర, చివరి పుండు కొలత పూర్తయ్యేదాకా ఉంచాలి.