వోకల్ కార్డ్స్ కనిపించనప్పుడు బూజీతో ట్యూబ్ వేయడం

మత్తు ఇచ్చిన రోగి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడానికి ల్యారింగోస్కోప్ (గొంతులోకి చూసే బ్లేడున్న పరికరం) పెట్టాక ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీది మూత) అంచు తప్ప ఏమీ కనిపించలేదు, వోకల్ కార్డ్స్ (స్వర తంత్రులు) కూడా కనిపించలేదనుకోండి. అదే పొజిషన్‌లో, అదే బ్లేడుతో మళ్లీ మళ్లీ తోయడం రోగికి చాలా ప్రమాదం. వాపు పెరుగుతుంది, రక్తం వస్తుంది, కాసేపటికి మాస్క్ వెంటిలేషన్ కూడా కుదరకుండా పోతుంది. అందుకే ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు మూడు ప్రయత్నాలతో ఆపమంటాయి. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 95 శాతమైనా ఉంటేనే తర్వాతి ప్రయత్నం. మధ్యలో మాస్క్‌తో ఆక్సిజన్ ఇవ్వాలి.

సగం ఇబ్బంది మత్తు ఇవ్వకముందే తీరిపోతుంది. చెవి రంధ్రం, రొమ్ము ఎముక పై అంచు ఒకే ఎత్తులో ఉండేలా తల, భుజాల కింద దుప్పట్లు పేర్చండి. లావుగా ఉన్నవారికి ఇది తప్పనిసరి. మాస్క్ బిగుతుగా పట్టి 3 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వండి. మత్తు ఎక్కాక ముక్కు గొట్టంతో నిమిషానికి 15 లీటర్లు ఆగకుండా సాగనివ్వండి.

రెండో ప్రయత్నంలో ఏదో ఒకటి మారాలి. మెడ మీద క్రైకాయిడ్ (స్వరపేటిక అడుగున ఉండే మృదులాస్థి ఉంగరం) నొక్కి ఉంటే వదిలించండి. మీ కుడిచేత్తో మెడ మీద థైరాయిడ్ కార్టిలేజ్‌ని (కంఠమణిని) కదుపుతూ చూపు మెరుగైన చోట అసిస్టెంట్ చేత పట్టించండి. అప్పటికీ కనిపించకపోతే బూజీ: కొన వంపు తిరిగిన సన్నని పొడవాటి కడ్డీ, ముందు దీన్ని శ్వాసనాళంలోకి పంపి దాని మీదుగా ట్యూబ్ ఎక్కిస్తారు.

వంపు కొనను పైకి ఉంచి, ఎపిగ్లాటిస్ కిందుగా సరిగ్గా మధ్యలో జరపండి. ట్రేకియాలోకి (శ్వాసనాళంలోకి) వెళితే రింగుల మీద టకటకమని చేతికి తగులుతుంది. అన్నవాహికలో అయితే ఏమీ తగలకుండా జారిపోతుంది. ఆగేదాకా తోసి చూడటం మంచిది కాదు, గట్టి బూజీలు శ్వాసనాళాన్ని చీల్చగలవు.

ట్యూబ్ ఎక్కించేటప్పుడు ల్యారింగోస్కోప్ తీసేయకండి. చాలామంది ఇక్కడే తప్పుతారు: తీసేస్తే నాలుక కిందికి జారి దారి మూసుకుంటుంది. ట్యూబ్ ఆగిందంటే సాధారణంగా కుడి ఎరిటినాయిడ్‌కి (వోకల్ కార్డ్స్ వెనక ఉండే చిన్న మృదులాస్థికి) తట్టుకున్నట్టే. రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగి, అపసవ్య దిశలో 90 డిగ్రీలు తిప్పి మళ్లీ నెట్టండి. అయినా వెళ్లకపోతే సన్నటి 6.0 ట్యూబ్ (లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో) వాడండి, బూజీకీ ట్యూబ్‌కీ మధ్య ఖాళీ తగ్గేకొద్దీ తట్టుకోవడం తగ్గుతుంది.

ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉందన్న నిర్ధారణ కాప్నోగ్రాఫ్‌తోనే (బయటికొచ్చే శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్‌ని తరంగంగా చూపే పరికరం). శ్వాస వెంట శ్వాసగా తరంగం నిలబడాలి. స్టెతస్కోప్ శబ్దాన్నీ, ట్యూబ్‌లో ఆవిరినీ నమ్మొద్దు. తరంగం లేకపోతే ట్యూబ్ తీసేసి ఆక్సిజన్ ఇవ్వండి.

మూడు ప్రయత్నాలూ విఫలమైతే ఎల్.ఎం.ఏ. (స్వరపేటిక మీద కూర్చునే మాస్క్ ఉన్న గొట్టం); అది నిలిస్తే, ఆపరేషన్ ఆగగలిగితే రోగిని మేల్కొల్పండి. ఎల్.ఎం.ఏ., మాస్క్ రెండూ పని చేయక శాచురేషన్ పడిపోతుంటే మెడ ముందు నుంచి క్రైకోథైరాయిడ్ పొరను (థైరాయిడ్ కార్టిలేజ్‌కీ క్రైకాయిడ్‌కీ మధ్య ఉండే పొరను) కోయాలి. 10 నంబరు బ్లేడు, బూజీ, కఫ్ (గాలి నింపే బుడగ) ఉన్న 6.0 ట్యూబ్ మత్తు మొదలెట్టకముందే చేతికందేలా ఉండాలి.